రాత్రి తోడుండువారు

గచ్చిబౌలి యన్నంతనే నేడు మన కన్నులకు గాజుగోడల మేడలును, తెల్లవారువఱకు ఆఱని దీపములును, కంప్యూటరు కొలువులకు పోవు యువతీయువకులును గోచరింతురు. 1998లో సైబర్ టవర్సు ప్రారంభమైన పిమ్మట ఆ సీమ రూపమే మాఱినది. అంతకు ముందు అది పెద్ద పెద్ద బండరాళ్ళును, సీతాఫలపు పొదలును, చెఱువులును గల పల్లెపట్టు. 1974లో పార్లమెంటు చట్టముచే ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము, తొలుత నగరము నడుమ సరోజినీనాయుడు నివసించిన గోల్డెన్ త్రెషోల్డు గృహమున తరగతులు నడపుకొని, పిదప ఆ బండల నడుమకు తరలివచ్చినది.

మేము చెప్పబోవునది ఆ మేడల కథ కాదు. ఆ విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము బోధించిన ఒక విదుషితోను, ఆ చుట్టుపట్ల పల్లెలలోని పిల్లలతోను, ఆ పిల్లలతో ఒక్క కప్పు క్రింద రేయింబవళ్ళు గడపిన యువకులతోను ముడివడిన కథ. అయితే ఆ యువకులు చేసిన పని వారితో పుట్టినది కాదు. దానికి ఇంచుమించు రెండు వందల యేండ్ల చరిత్ర కలదు. ఆ చరిత్రను కొంత తడవి గచ్చిబౌలికి వచ్చుట మంచిదని మాకు తోచినది.

దారి తప్పినవారో, దారి తప్పింపబడినవారో, అసలు దారి యనునదియే ఎవరును చూపనివారో, అట్టి పిల్లలను ఒకచోట చేర్చి పెంచు గృహములు చాల దేశములలో కలవు. వానిని గుఱించి వ్రాసిన చరిత్రలలో చట్టములు కనబడును. స్థాపకుల పేర్లు కనబడును. శంకుస్థాపన చేసిన గవర్నర్ల పేర్లును కనబడును. రాత్రి ఆ పిల్లలతో ఎవరు పడుకొనిరో ఆ సంగతి మాత్రము తఱచుగా కనబడదు. ఆ గృహముల మంచిచెడ్డలను నిర్ణయించినది, మా అభిప్రాయమున, ఆ కనబడని మనిషియే.

మన భాషలో అతనికి సరియైన పేరైనను కుదురలేదు. వార్డెను అన్నచో జైలు స్ఫురించును. సంరక్షకుడు అన్నచో కోర్టు కాగితము స్ఫురించును. పిల్లలు మాత్రము సారనియో, అన్న యనియో, అక్క యనియో పిలిచి ఆ చిక్కును తమంత తామే తీర్చుకొందురు. పగలు పాఠము చెప్పిన పంతులు సాయంకాలము ఇంటికి పోవును. మందిచ్చిన వైద్యుడును పోవును. విచారణ జరిపిన న్యాయాధిపతి మఱి కనబడడు. ఎక్కడికిని పోనివాడు ఈతడొక్కడే. తెల్లవాఱుజామున లేపుట, వరుసగా స్నానములకు నిలుపుట, గజ్జికి మందు పూయుట, తలలో పేలు తీయించుట, భోజనముల వద్ద తగవులు తీర్చుట మొదలగునవి పగటి పనులు. అసలు పని దీపము తగ్గించిన పిమ్మట మొదలగును. పగలంతయు మొండిగా తిరిగినవాడు రాత్రి దుప్పటిలో ఏడ్చును. పదునాలుగేండ్లవాడు పక్క తడిపి, తోటివారు చూతురను సిగ్గుతో గోడవైపునకు తిరిగి నిద్ర నటించును. ఇంకొకడు ప్రహరిగోడ దూకుటకు వేళ చూచుచుండును. ఆ వేళ లేచి వచ్చిన మనిషి చేతిలో కఱ్ఱ ఉన్నదా, మంచినీళ్ళ చెంబు ఉన్నదా అను సంగతి ఏ రికార్డులోను ఎక్కదు. పిల్లలకు మాత్రము అది యావజ్జీవము జ్ఞాపకముండును.

ఈ పనిని ఒక పనిగా గుర్తించి, అందుకు మనుష్యులను ఏఱి తీర్చిదిద్దవలెనని తలచిన తొలివారిలో జర్మనీ దేశీయుడగు వీషెర్న్ ముఖ్యుడు. 1833లో ఆయన హాంబర్గు నగరము వెలుపల ఒక పాత పూరింట దిక్కుమాలిన పిల్లలను చేర్చుకొనెను. పిల్లలు పెరిగినకొలది పెద్ద కట్టడమును లేపుటకు మాఱుగా చిన్న చిన్న యిండ్లను కట్టించెను. పదిమందిని, పండ్రెండుగురిని ఒక్కొక్క కుటుంబముగా ఏర్పఱచి, ఒక్కొక్క కుటుంబమునకు ఒక యువకుని సోదరునిగా నియమించెను. ఆ సోదరుడు పిల్లలతోనే తిని, పిల్లలతోనే పనిచేసి, పిల్లల నడుమనే నిద్రించెడివాడు. తండ్రి యనక సోదరుడనుటలో కొంత వినయము కలదు. తండ్రులను పోగొట్టుకొన్న పిల్లలు ఇంకొక తండ్రిని తేలికగా ఒప్పుకొనరని వీషెర్న్ ఎఱిగియుండును.

ఆ గృహమును చూచి వెళ్ళినవారిలో ఫ్రాన్సు దేశపు న్యాయాధికారి దమెత్స్ ఒకడు. ఆయన 1839లో తూర్ నగరము చెంత మెత్రే యనుచోట బాలుర వ్యవసాయక్షేత్రమును స్థాపించెను. ఇందు మాకు మిక్కిలి నచ్చిన సంగతి యొకటి కలదు. లోకమున సాధారణముగా ముందు ఇల్లు కట్టుదురు, పిదప పిల్లలను తెత్తురు, కట్టకడపట కాపలాకు ఎవడు దొరకునాయని వెదకుదురు. దమెత్స్ ఈ వరుసను తలక్రిందు చేసెను. 1839లోనే అక్కడ నివసింపబోవు ఉద్యోగుల కొఱకు ఒక బడిని తెఱచి, వారిని కొన్ని నెలలు తరిఫీదు చేసెను. తొలి బాలురు 1840 జనవరిలోగాని రాలేదు. ఒక్కొక్క యింట నలువదిమంది బాలురు. వారికి ఒక కుటుంబపెద్ద, అతనికి ఒక సహాయకుడు. బాలురలోనుండియే ఎన్నికైన ఇద్దఱు పెద్దన్నలు. రాత్రులు దూలములకు ఊయల పడకలు కట్టుకొని బాలురు నిద్రించెడివారు. కుటుంబపెద్ద అదే గదిలో ఒక మూలను చిన్న చాటు కట్టుకొని, అందులోనుండి వారిని కనిపెట్టుచుండెడివాడు.

కనిపెట్టుట యను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. తల్లి బిడ్డను కనిపెట్టుకొని యుండును. పోలీసువాడును దొంగను కనిపెట్టియుండును. మెత్రే కథ ఈ రెండర్థముల నడుమ నడచిన కథయే. తొలినాళ్ళలో ఐరోపా నలుమూలలనుండి పెద్దలు వచ్చి దానిని మెచ్చుకొని పోయిరి. కాలము గడచినకొలది అది శిక్షలకు పేరు మోసినది. 1920ల దశకమున అందు బందీగానున్న ఒక బాలుడు తరువాత జా జెనే యను ప్రసిద్ధ రచయితయై ఆ జీవితమును గ్రంథస్థము చేసెను. 1937లో ఆ సంస్థ మూతపడినది. కొన్ని దశాబ్దులకు పిమ్మట తత్త్వవేత్త మిషెల్ ఫూకో, ఆధునిక కారాగార వ్యవస్థ పూర్తియైన దినముగా మెత్రే తెఱచిన 1840 జనవరి 22ను పేర్కొనెను. ఇది కొంత తొందరపాటు తీర్పని మాకు తోచును. ఉద్యోగులకు ముందు చదువు చెప్పిన సంస్థను కేవలము జైలు అనుట న్యాయము కాదు. కాని కుటుంబమను పేరు మాత్రము మిగిలి కుటుంబము జాఱిపోయిన తరువాత, ఆ పేరే పిల్లలకు మఱింత వెగటు కలిగించియుండు ననుట నిజము.

ఇంగ్లండులో ఈ భావము 1849లో రెడ్‌హిల్ వ్యవసాయ పాఠశాల రూపమున వేళ్ళూనినది. అక్కడనుండి మన దేశమునకు దీనిని మోసికొని వచ్చినవారిలో బ్రిస్టల్ నగరపు మేరీ కార్పెంటరు ముఖ్యురాలు. ఆమె 1852లో కింగ్స్‌వుడ్‌లో బాలురకును, 1854లో రెడ్ లాడ్జిలో బాలికలకును సంస్కరణ పాఠశాలలను నెలకొల్పిన అనుభవముతో 1866లో భారతదేశమునకు వచ్చెను. పిదప మఱి మూడు పర్యాయములు వచ్చెను. ఇక్కడి జైళ్ళలో బాలురును, వయసు ముదిరిన నేరగాండ్రును కలసియుండుట చూచి ఆమె పలుమాఱులు ప్రభుత్వమునకు విన్నవించెను. 1876లో రిఫార్మేటరీ పాఠశాలల చట్టము వచ్చినది. 1897లో దానిని తిరుగ వ్రాసిరి. పదునేనేండ్ల లోపు బాలుని మూడేండ్లకు తక్కువ గాకుండ, ఏడేండ్లకు మించకుండ అట్టి పాఠశాలలో ఉంచవచ్చునని దాని నిబంధన.

మదరాసు రాజధానిలో అట్టి పాఠశాల 1887లో చెంగల్పట్టున వెలసినది. తెలుగు జిల్లాలు కూడ ఆ రాజధానిలోనివే. తెనుగు తప్ప మఱియొక మాట యెఱుగని పల్లెపిల్లవాడు, చిన్న దొంగతనమునకు దొరకి, తమిళసీమలోని ఆ యూరికి పంపబడినచో, రాత్రి తనకు జ్వరము వచ్చెనని చెప్పుకొనుటకును మాట వెదకుకొనవలసినదే గదా! వడ్రంగము, నేత మొదలగు వృత్తులు నేర్పుటయే ఇట్టి పాఠశాలల ప్రధానోద్దేశము. పందొమ్మిదవ శతాబ్ది ముగియునప్పటికి ఈ పాఠశాలలను జైళ్ళ శాఖనుండి విద్యాశాఖకు మార్చవలెనను తలంపు ప్రభుత్వమున బలపడినది. కాగితముమీద శాఖ మాఱుట సులభము. ఖైదీలను కాచి అలవాటుపడిన చేయి పిల్లవాని భుజముపై వ్రాలు తీరు అంత సులభముగా మాఱదు.

మన తెలుగునాటనే ఇంకొక ప్రయోగము జరిగినది. దానిని చెప్పక విడచినచో ఈ చరిత్ర సగమే యగును. 1911 నాటి నేరస్థ తెగల చట్టము, కొన్ని కులములకు పుట్టుకతోనే నేరస్థులను ముద్రవేసి వారిని సెటిల్మెంట్లలో నిర్బంధించుటకు అధికారమిచ్చినది. ఆ చట్టమునందే, ఆఱేండ్లకు పైబడి పదునెనిమిదేండ్లకు లోబడిన పిల్లలను తల్లిదండ్రులనుండి వేఱుచేసి పారిశ్రామిక, వ్యావసాయిక, సంస్కరణ పాఠశాలలలో ఉంచుటకును అధికారము కలదు. బాపట్ల సమీపమున సాల్వేషన్ ఆర్మీవారి నిర్వహణ క్రింద ఏర్పడిన స్టూవర్టుపురము అట్టి సెటిల్మెంటే. మదరాసు ప్రభుత్వమున ఉన్నతోద్యోగియైన హెరాల్డు స్టూవర్టు పేర వెలసినది. ఎరుకల కుటుంబములు అందు కాపురముండిరి. అచ్చట నివసించి పనిచేసిన మిషనరీలలో దయాళువులు లేరని మేము అనము. కాని తల్లిదండ్రులు బ్రదికియుండి, బిడ్డను కోరుచుండగా, వారిని తొలగించి ఆ స్థానమున ఒక ఉద్యోగిని కూర్చుండబెట్టునట్టి అధికారము చేతనుండుటయే ఆ దయను చెఱచునది. ఆ ఉద్యోగి యెంత మంచివాడైనను ఆ పిల్లకు అతడు తల్లిని తప్పించినవాడే యగును. 1952లో ఆ చట్టము రద్దయినది; కాని ఆ ముద్ర మాత్రము ఊరి పేరును పట్టుకొని చాలకాలము వ్రేలాడినది.

1919-20 సంవత్సరములలో మదరాసు సివిల్ సర్వీసువాడైన కార్డ్యూ అధ్యక్షతన జైళ్ళ విచారణ సంఘము దేశమంతట తిరిగి, పిల్లలకు వేఱు న్యాయస్థానములును వేఱు గృహములును కావలెనని చెప్పినది. 1920లో మదరాసు బాలల చట్టము వచ్చినది. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. నేరము చేసిన పిల్లలను, దిక్కులేని పిల్లలను కూడ ఆ చట్టము సర్టిఫైడు పాఠశాలలకే పంపెడిది. 1926లో బోర్‌స్టల్ పాఠశాలల చట్టమును తోడైనది. బోర్‌స్టల్ యనునది ఇంగ్లండున కెంటు మండలములోని ఒక పల్లె; 1902లో అక్కడ పదునాఱేండ్లు దాటిన కుఱ్ఱవాండ్రకు ప్రత్యేకముగా ఒక నిర్బంధ శాలను ఏర్పఱచిరి. 1922 తరువాత అలెగ్జాండరు పాటర్సన్ అను జైళ్ళ కమీషనరు దానికి క్రొత్త జీవము పోసెను. కాపలావారి యూనిఫారములను తీసివేయించి మామూలు దుస్తులు తొడిగించెను. ఒక్కొక్క నివాసమునకు ఒక హౌస్‌మాస్టరును నియమించెను. 1930లో లుయెలిన్ అను అధికారి ఫెల్థమ్‌నుండి లౌడమ్ వఱకు నూఱుమైళ్ళకు పైబడిన దూరము కుఱ్ఱవాండ్రను నడిపించుకొని పోయెను. సంకెళ్ళు లేవు, తానును వారితో నడచెను. చేరినచోట గోడలు లేవు. గుడారములు వేసికొని, తమ నివాసమును ఆ కుఱ్ఱవాండ్రే కట్టుకొనిరి. పాదములు బొబ్బలెక్కిన అధికారిని చూచుట ఆ కుఱ్ఱవాండ్రకు క్రొత్త చదువై యుండును.

ఇక హైదరాబాదు. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున సరూర్‌నగరున విక్టోరియా రాణి స్మారకముగా అనాథ శరణాలయము వెలసినది. 1918లో ఏర్పడిన రెడ్డి హాస్టలు వంటి వసతిగృహములు, తెలుగు చదువునకు దిక్కులేని నిజాము రాజ్యమున పల్లెనుండి వచ్చిన పిల్లలకు ఇల్లై నిలచినవి; సురవరము ప్రతాపరెడ్డిగారు దాని కార్యదర్శిగా పనిచేసిరి. ఇవి కష్టములపాలైన పిల్లల గృహములు కావు. అయినను పరుల బిడ్డలను తమవద్ద ఉంచుకొని చదివించుట గౌరవప్రదమైన పనియని తెలంగాణమునకు ఇవి చూపినవి. 1951లో హైదరాబాదు రాష్ట్రమునకు బాలల చట్టము వచ్చినది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాతను, ఆంధ్ర ప్రాంతమున 1920 నాటి చట్టమును, తెలంగాణ ప్రాంతమున 1951 నాటి చట్టమును ముప్పదియేండ్లు ప్రక్కప్రక్కనే నడచినవి. 1986లో దేశమంతకు ఒక్క బాలన్యాయ చట్టము వచ్చి ఆ భేదమును తీసివేసినది. పిమ్మట 2000లోను, 2015లోను క్రొత్త చట్టములు వచ్చినవి. నడుమ 1971లో, పి.వి. నరసింహారావుగారు ముఖ్యమంత్రిగానుండగా, నాటి నల్లగొండ జిల్లా సర్వేలులో ప్రభుత్వ గురుకుల పాఠశాల ప్రారంభమైనది. ఉపాధ్యాయులు విద్యార్థులతోపాటు అచ్చటనే నివసింపవలెనను నియమము బీదపిల్లల చదువున ఒక ముఖ్యమైన మార్పు.

ఇప్పుడు గచ్చిబౌలికి వత్తము. మేము మొదట పేర్కొన్న విదుషి శాంతాసిన్హాగారు. ఆమె హైదరాబాదు విశ్వవిద్యాలయమున పనిచేయుచు, ఆ విశ్వవిద్యాలయపు శ్రామిక విద్యాపీఠము ద్వారా 1980ల దశకమున వెట్టిచాకిరి కార్మికుల నడుమకు వెళ్ళిరి. వెట్టిచాకిరి నిషేధ చట్టము 1976లోనే వచ్చియున్నను పల్లెలకు ఇంకను చేరలేదు. ఆమె తాతగారు మామిడిపూడి వేంకటరంగయ్యగారు. ఆంధ్రదేశ స్వాతంత్ర్యోద్యమ చరిత్రను నాలుగు సంపుటములుగా సంపాదించిన పండితులు. ఆయన పేరిట 1981లో స్థాపితమైన ఎం.వి. ఫౌండేషను 1991నుండి రంగారెడ్డి జిల్లాలో పనిపాటలలోనున్న పిల్లలను బడికి మరలించు కార్యమునకు పూనుకొనినది. గచ్చిబౌలియు అప్పుడు ఆ జిల్లాలోనిదే. దానికి పడమరగా శంకరపల్లి, చేవెళ్ళ ప్రాంతపు చేలలోను, పసుల కొట్టములలోను, అప్పునకు బదులుగా జీతమునకు కుదురిన పిల్లలు ఉండిరి. పెద్దవారు జీతగాడనుచో కొంత బాధతో పలుకుదురు. పదేండ్ల జీతగాడు మాత్రము తాను సంపాదించువాడనని గర్వముగానే చెప్పుకొనును.

ఈ పిల్లలు నేరస్థులు కారు గదా, వీరిని ఆ సంస్కరణ పాఠశాలల సరసన ఏల చేర్చితిరని శ్రోతలు అడుగవచ్చును. నిజమే. ఏ న్యాయస్థానమును వీరిని పంపలేదు. ఏ గోడయు వీరిని ఆపలేదు. కాని ఏడేండ్లనుండి పెద్దల నడుమ పనిచేసి, బీడీ త్రాగుట నేర్చి, దెబ్బకు మాఱు దెబ్బ తప్ప వేఱు సమాధానమెఱుగక, ఒక్కచోట గంటసేపు కూర్చుండుట యనునది జన్మములో ఎఱుగని పదుమూడేండ్లవానితో కలసి నివసించుట, కోర్టు పంపిన పిల్లవానితో కలసి నివసించుటకంటె తేలిక కాదు. కొన్ని విధముల కష్టతరము. ఇతడు రేపు ఉదయమున లేచి పోదలచినచో తలుపు తెఱచియే యున్నది. వానిని ఉంచునది అక్కడి మనిషియొక్క నడవడి యొక్కటే.

తొమ్మిది మొదలు పదునాలుగేండ్ల వఱకు గల ఇట్టి పిల్లల కొఱకు ఆ సంస్థ బ్రిడ్జి కోర్సు శిబిరములను నడపినది. పలుకనైన రాని పిల్లలను కొన్ని నెలలలో, పెద్దవారినైన ఒక యేటికి పైగా, అక్కడనే ఉంచి, తమ వయస్సునకు తగిన తరగతిలో చేరునట్లు తయారుచేయుట దాని ఉద్దేశము. పండ్రెండు పదమూడేండ్లవానిని ఒకటవ తరగతిలో చిన్నపిల్లల నడుమ కూర్చుండబెట్టినచో సిగ్గుతో మఱునాడే పాఱిపోవును. అందుచే ఏడవ తరగతి పరీక్షకు కూర్చుండబెట్టి, అందు గట్టెక్కినవారిని ప్రభుత్వ పాఠశాలలకును, సాంఘిక సంక్షేమ హాస్టళ్ళకును పంపుచుండిరి. బాలికలకు వేఱు శిబిరములు. అక్కడికి వచ్చిన బాలికలలో పెండ్లి నిశ్చయమై తప్పించుకొని వచ్చినవారును కలరు.

అక్కడ ఎవరు నివసించిరి? ఇదియే మాకు ముఖ్యముగా తోచు సంగతి. వీషెర్న్ యువకులను దైవసేవకు వచ్చినవారిలోనుండి ఎన్నుకొనెను. దమెత్స్ వారికి ప్రత్యేకముగా బడి పెట్టెను. ఇక్కడ ఉపాధ్యాయులలో పెక్కుమంది ఆ పల్లెల యువతీయువకులే. తమ యింట మొదటిసారి బడికి పోయినవారు. కొందఱు తామే చిన్ననాడు పసులు కాచినవారు. వారికి బాలల మనస్తత్వశాస్త్రపు పట్టాలు లేవు. పిల్లవాడు పాఱిపోయినచో ఏ యూరిలో, ఏ చేనిగట్టుమీద, ఎవరి పశువులవెంట దొరకునో వారెఱుగుదురు. తండ్రి వచ్చి గొడవపెట్టినచో అతని అప్పు ఎంత, ఎవరివద్ద అనునదియు ఎఱుగుదురు. అతనికి కోపము రాకుండ అతని భాషలోనే మాటాడగలరు. చెంగల్పట్టు పంపబడిన తెలుగు పిల్లవానికి లేనిది ఇదియే.

ఆ శిబిరములలో చదువు పలకతో మొదలు కాదు, పాటతో మొదలగును. పాటలు, ఆటలు, కథలు. తాను ఏయే పనులు చేసెనో పిల్లవాడు తానే చెప్పుకొనుట. తనకు తెలిసిన మాటలనే తిరిగి పలకపై చూచుట. మొదటి దినములలో అతడు వినడు, తిట్టును, ప్రక్కవాని కంచము లాగుకొనును. ఆ తిట్లకు కొట్టక ఊరకుండుట ఉద్యోగులకు అన్నిటికంటె కష్టమైన పాఠము. పత్తి తీయు కాలమునకో, వరి కోతలకో తల్లి వచ్చి, పది దినములకు పంపుడని బ్రతిమాలును. ఆమెను కసరి పంపినచో బిడ్డయు పోవును. పంపినచో తిరిగి రాకపోవచ్చును. ఆ వాకిటిలో నిలబడి ఏమి చెప్పవలెనో ఏ నిబంధనావళిలోను లేదు.

2003లో శాంతాసిన్హాగారికి రామన్ మెగసెసే పురస్కారము వచ్చినది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘమునకు ఆమె తొలి అధ్యక్షురాలైరి. బ్రిడ్జి కోర్సు పద్ధతిని ప్రభుత్వమును, సర్వశిక్షా అభియానును స్వీకరించినవి. 2009 నాటి విద్యాహక్కు చట్టము, వయస్సునకు తగిన తరగతిలో చేరు పిల్లలకు ప్రత్యేక శిక్షణ హక్కుగా ఇచ్చినది. పురస్కారములు సంస్థలకును పెద్దలకును వచ్చును, అది న్యాయమే. ఆ శిబిరములలో రాత్రులు మేలుకొన్న యువకుల పేర్లను గ్రంథములు అంతగా ఎఱుగవు.

వారి బ్రదుకును గుఱించియు కొంత చెప్పవలెను. ఇట్టి చోట్ల నివసించువానికి పని గంటలు ఉండవు. సెలవు ఉన్నను ఇంటికి పోయినవాడు, ఏ పిల్లవాడు పాఱిపోయెనో యని మనస్సు అక్కడనే పెట్టుకొనును. పెండ్లియైనవానికి భార్యాబిడ్డలు ఒకచోట, తాను ఒకచోట. తన బిడ్డకు పాఠము చెప్పుటకు తీఱికలేనివాడు నూఱుగురి బిడ్డలకు చెప్పును. జీతము స్వల్పము. అలసిన మనిషి చేయి తేలికగా లేచును. ఇది ఒప్పుకొనవలసిన నిజము. పిల్లలపై రాత్రివేళ తిరుగులేని అధికారము గలవాడు చెడ్డవాడైనచో జరుగు ఘోరములు ఏ దేశమునను తక్కువ కావు. అందుచేతనే 2012 నాటి పోక్సో చట్టము, పిల్లల గృహములలోని ఉద్యోగియే వారిపై లైంగికాత్యాచారము చేసినచో దానిని తీవ్రతరమైన నేరముగా ఎంచినది. 2015 నాటి బాలన్యాయ చట్టము, క్రమశిక్షణ పేరిట పిల్లవానిని కొట్టిన ఉద్యోగికి మొదటి పర్యాయము 10,000 రూపాయల జరిమానాను, మఱల చేసినచో మూడు నెలల వఱకు జైలును విధించినది. శిక్షలు అవసరమే. కాని మనిషిని ఏఱుటకును, తరిఫీదు చేయుటకును, విశ్రాంతి ఇచ్చుటకును పట్టు ఖర్చును తప్పించుకొని, శిక్షనొక్కదానినే పెంచు ప్రభుత్వము చవుక దారి పట్టినట్లే యని మా భావము.

2016లో కేంద్రప్రభుత్వము ప్రకటించిన ఆదర్శ నియమావళిలో ఈ ఉద్యోగికి కడపట ఒక పేరు దొరకినది: గృహమాత, గృహపిత. పిల్లలను ప్రేమతో చూచుట వారి మొదటి విధి యని అందు వ్రాసిరి. గృహాధిపతి ఆవరణలోనే, వీలుకానిచో దానికి సమీపముననే నివసింపవలెనని కూడ కలదు. నూఱుగురు పిల్లలు గల గృహమునకు గృహమాతలను గాని గృహపితలను గాని నలుగురిని సూచించిరి. లెక్క వేసి చూతము. దినమునకు ఎనిమిదేసి గంటల చొప్పున మూడు వంతులు. వారమునకు ఇరువదియొక్క వంతు. ఒక్కొక్కరికి వారమున ఒక దినము సెలవు విడచిపెట్టినచో నలుగురు కలసి ఇరువదినాలుగు వంతులు చేయగలరు. అనగా పండుగ సెలవులు, జ్వరములు లేనప్పుడు, నూఱుగురు పిల్లలకు ఒక రాత్రి తోడుండువాడు ఒకడు. వారమునకు మూడు వంతులలో మాత్రము ఇద్దఱు. వీషెర్న్ పూరింట పండ్రెండుగురికి ఒకడు ఉండెను.